చదువుకు గంటలు ఎక్కడి నుంచి తేవాలి?

ఉద్యోగం చేస్తూ, పిల్లలను పెంచుతూ ఆన్‌లైన్‌లోనో దూరవిద్యలోనో పీజీ చదవాలనుకునేవారి నుంచి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఐదింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. నేను బ్యాంకులో పని చేస్తూ, ఇద్దరు పిల్లలతో, దూరవిద్యలోనే ఎం.ఏ. చదివాను. ఆ తరువాత పద్ధెనిమిదేళ్లు ఒక స్టడీ సెంటర్‌లో ఆదివారం తరగతులు చెప్పాను. కాబట్టి ఈ ఉత్తరాలలో రాసిన సంగతులతో పాటు రాయకుండా వదిలేసినవి కూడా నాకు కొంత తెలుసుననే ధైర్యంతో జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: నా వయసు 37. 2009లో బీకాం పూర్తి చేశాను. విజయవాడలో ఒక ఆడిటరు గారి ఆఫీసులో అకౌంటెంటుగా పని చేస్తున్నాను. బాబు ఎనిమిదో తరగతి, పాప రెండో తరగతి. మా ఆయన మెడికల్ రిప్రజెంటేటివ్ కావడం వల్ల వారంలో నాలుగు రోజులు ఊళ్లు తిరుగుతూ ఉంటారు. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. నాకు ఎంకాం గానీ ఎంబీఏ గానీ చేయాలని ఉంది. ఎప్పటికైనా పాఠం చెప్పాలనేది నా చిన్ననాటి కోరిక. రాత్రి పదకొండు తరువాత, తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదువుకుంటే రెండేళ్లలో అయిపోతుందా? "ఈ వయసులో చదివి ఏం చేస్తావు?" అని అత్తయ్యగారు అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు.
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు లెక్క చూద్దాం, లెక్కలు మీ వృత్తే కదా. దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే విద్యార్థి పెట్టవలసిన సుమారు 30 గంటల శ్రమ అని ఇగ్నో వంటి విశ్వవిద్యాలయాలు లెక్క కడతాయి. పాఠం చదవడం, వీడియో చూడడం, అసైన్‌మెంట్ రాయడం, పరీక్షకు తయారు కావడం అన్నీ ఆ 30 గంటలలోనే వస్తాయి. రెండేళ్ల పీజీ 80 క్రెడిట్లు అనుకుంటే మొత్తం 2,400 గంటలు. దానిని రెండేళ్లకు పంచితే వారానికి 23 గంటలు. నాలుగేళ్లకు పంచితే వారానికి పదకొండున్నర గంటలు, అంటే సోమవారం నుంచి శనివారం దాకా రోజుకొక గంట, ఆదివారం ఐదున్నర గంటలు. రెండేళ్ల కోర్సును నాలుగేళ్లలో పూర్తి చేయడానికి ఇగ్నోలో ఎంకాం వంటి పీజీలకు అవకాశం ఉంది. చేరేటప్పుడు మీరు ఏ విశ్వవిద్యాలయంలో చేరినా మొదట అడగవలసిన ప్రశ్న ఫీజు గురించి కాదు, గరిష్ఠంగా ఎన్నేళ్ల గడువు ఇస్తారన్నది. వారానికి 23 గంటలు మీ ఇంట్లో లేవు. ఉత్తరంలో మీరు రాసిన దినచర్య రెండుసార్లు చదివి ఈ మాట చెబుతున్నాను. పదకొండున్నర గంటలు మాత్రం దొరుకుతాయి, అయితే మీరు వెతుకుతున్న చోట కాదు.

మీరు వెతుకుతున్నది నిద్రలో. నేను కూడా మొదటి ఏడాది అలాగే చదివాను. అలారం పెట్టుకొని నాలుగింటికి లేచేదాన్ని, పొయ్యి మీద పాలు పెట్టి, పక్కనే గట్టు మీద పుస్తకం తెరిచి నిలబడి చదివేదాన్ని. కూర్చుంటే నిద్ర పడుతుందని నిలబడడం. ఒకరోజు గట్టు మీదే తల వాల్చి నిద్రపోయాను. పాలు పొంగి, మంట ఆరక గిన్నె మాడి, వంటిల్లంతా పొగ నిండితే మా ఆరేళ్ల అమ్మాయి దగ్గుతూ వచ్చి నా కొంగు లాగింది. ఆ గిన్నె అడుగున పట్టిన నలుపు ఎంత తోమినా పోలేదు. ఆ రోజు ఆఫీసులో ఒక ఓచరు రెండుసార్లు పోస్టు చేశాను. అదృష్టవశాత్తు సాయంత్రం లెక్క సరిచూసేటప్పుడు దొరికింది. నిద్రను తగ్గించుకుని చదివిన చదువు పుస్తకం మూసేసరికి జారిపోతుంది, పైగా మనిషి చిరాకుగా తయారవుతుంది, ఆ చిరాకు పిల్లల మీద పడుతుంది. అందువల్ల నాలుగింటి అలారం వద్దని నా సలహా. ఐదున్నరకు లేచే అలవాటు ఉంటే, రాత్రి పదింటికి పడుకుని ఐదింటికి లేవండి. ఆ అరగంటలో పాఠం, ఆఫీసులో భోజనం తరువాత ఇరవై నిమిషాలు, బస్సులోనో రైతుబజారు దారిలోనో ఫోనులో ఒక వీడియో పాఠం కలిపితే రోజుకొక గంట అవుతుంది. అసలు సంగతి ఆదివారంలో ఉంది.

ఆదివారం ఐదున్నర గంటలను ఇంటివాళ్లు మీకు ఇవ్వాలి, మీరు దొంగిలించకూడదు. అందరూ నిద్రలేవకముందు, పిల్లలు టీవీ చూస్తున్నప్పుడు, అత్తయ్యగారు గుడికి వెళ్లినప్పుడు అని చాటుమాటుగా ఏరుకున్న సమయం ఎవరికీ కనిపించదు. కనిపించని పనిని ఎవరూ పనిగా లెక్కించరు, "ఒక్క నిమిషం ఇటు రా" అనడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. కాబట్టి చేరకముందే ఒక సాయంత్రం భర్తనూ అత్తయ్యగారినీ బాబునూ కూర్చోబెట్టి, కాగితం మీద రాసి చూపించండి: ఆదివారం ఉదయం ఆరు నుంచి పదకొండున్నర వరకు నేను ఇంట్లో లేనట్టే. ఆ పూట ఇడ్లీయో ఉప్మాయో మీ ఆయన చేస్తారు, పాపకు తలస్నానం ఆయనే చేయిస్తారు, ఎనిమిదో తరగతి బాబు తన యూనిఫారం తానే ఇస్త్రీ చేసుకుంటాడు. అది కుదరకపోతే మీరే ఇల్లు దాటండి. మీ ఊళ్లో ఠాగూర్ గ్రంథాలయం ఉంది, 1911 నాటి రామమోహన గ్రంథాలయం ఉంది, పనివేళలు ముందుగా కనుక్కుని వెళ్లండి. లేదా ఒక స్నేహితురాలి మేడమీది గది అడగండి. తలుపు వేసుకుంటే చాలదు, తలుపు కొట్టే చేయి ఉంటూనే ఉంటుంది.

ఇక అత్తయ్యగారి ప్రశ్న. దాన్ని ఎత్తిపొడుపుగా తీసుకోకండి. ఇల్లు గడపడం తెలిసిన మనిషి అడగవలసిన ప్రశ్నే అది. ఫీజు కడుతున్నాం, మనవరాలి జడ వేయడం నుంచి రాత్రి అన్నం దాకా కొంత తన మీద పడబోతోంది, దానివల్ల ఇంటికి ఏం వస్తుంది? సూటిగా జవాబు చెప్పండి. ఎంబీఏ వల్ల ఆడిటరు గారి ఆఫీసులో మీ జీతం పెరుగుతుందని నాకు అనిపించడం లేదు. పాఠం చెప్పాలన్నది మీ కోరిక అయితే ఎంకాం చేయండి. డిగ్రీ కళాశాల ఉద్యోగానికి నెట్ గానీ సెట్ గానీ (అధ్యాపకుల అర్హత పరీక్షలు) పాసై ఉండాలి, నెట్ రాయడానికి పీజీలో జనరల్ అభ్యర్థులకు 55 శాతం, ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్ కాని ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు 50 శాతం మార్కులు ఉండాలి. కొన్ని పీజీ కోర్సులలో 40 శాతం వస్తే ఉత్తీర్ణులే. అక్కడే చాలామంది మోసపోతారు. రెండేళ్లలో ముగించాలనే తొందరలో 46 శాతంతో పట్టా పుచ్చుకుని, తీరా నెట్ దరఖాస్తు నింపేటప్పుడు అర్హత లేదని తెలుసుకుని నా ముందు కన్నీళ్లు పెట్టుకున్న టీచరమ్మలు ఉన్నారు. మీరు నాలుగేళ్లు తీసుకోండి, 60 శాతానికి తగ్గకుండా తీసుకోండి.

క్యాలెండరు విషయంలో మీ వృత్తికే ఉన్న ఇబ్బంది ఒకటి ఉంది. ప్రతి నెలా 11వ తేదీకి జీఎస్‌టీఆర్-1, 20వ తేదీకి త్రీబీ అని జీఎస్‌టీ రిటర్నులు వేయాలి. ఆ పది రోజులూ మీరు ఆఫీసు మనిషి, చదువు పెట్టుకోకండి, పెట్టుకుని జరగలేదని బాధపడకండి. 21 నుంచి నెలాఖరు దాకా అసైన్‌మెంట్లు రాయండి. ఇగ్నో పరీక్షలు జూన్‌లోనూ డిసెంబరులోనూ జరుగుతాయి. జూన్‌లో బడులు తెరుస్తారు, పుస్తకాలూ అట్టలూ యూనిఫారాలూ అన్నీ ఒక్కసారే మీద పడతాయి. కాబట్టి జూన్‌కు రెండు పేపర్లు మాత్రమే పెట్టుకుని, బరువైనవి డిసెంబరుకు ఉంచండి. చివరి పరీక్షకు సాధారణంగా నూటికి 70 మార్కులు, అసైన్‌మెంట్లకు 30. ఆ 30ని తేలికగా చూడకండి. మీ దస్తూరీతో, మీ సొంత మాటల్లో, మీ ఆఫీసులో నిజంగా చూసిన బ్యాలెన్స్ షీట్లను ఉదాహరణగా చెబుతూ రాసిన అసైన్‌మెంట్ దిద్దేటప్పుడు మాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. గైడులోంచి ఎక్కించినవి కట్టలు కట్టలుగా వచ్చేవి, వాటి మధ్య అలాంటిది ఒకటి కనిపిస్తే రెండోసారి చదివేవాళ్లం.

ప్రశ్న: మా చెల్లె ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బిల్లింగ్ విభాగంలో పని చేస్తున్నది. మూడేండ్ల బాబు ఉన్నాడు. ఆన్‌లైన్‌లో ఎమ్మెస్సీ సైకాలజీ చేయాలని ఆమె ఆశ. మా దగ్గర ఒక కన్సల్టెన్సీ అతను వచ్చి, అది కాకపోతే ఎంబీఏ ఒక్క ఏడాదిలో, పరీక్షల బాధ లేకుండా ఇప్పిస్తానన్నాడు. ఇరవై వేలు అడ్వాన్సు అడుగుతున్నాడు. ఆన్‌లైన్ డిగ్రీలు అసలు చెల్లుతాయా?
– ఒక అన్న, కరీంనగర్

జవాబు: ఇరవై వేలు ఇవ్వకండి. మిగిలిన జవాబు చదవడానికి తీరిక లేకపోయినా ఈ ఒక్క మాట పాటించండి. ఒక్క ఏడాదిలో, పరీక్ష రాయకుండా వచ్చే పీజీ ఈ దేశంలో ఏదీ లేదు. అరచేతిలో వైకుంఠం చూపించేవారికి మన ఊళ్లలో కొదవ లేదు.

యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం) గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం, యూజీసీ వారి దూరవిద్యా విభాగం అనుమతి పొంది నడిపే ఆన్‌లైన్ లేదా దూరవిద్య డిగ్రీ, తరగతి గదిలో చదివిన డిగ్రీతో సమానం. 2020 సెప్టెంబరులో వచ్చిన నిబంధనలలో ఈ మాట ఉంది, 2022 సెప్టెంబరులో యూజీసీ దానిని మళ్లీ ప్రకటించింది. కానీ అనుమతి విశ్వవిద్యాలయానికి గంపగుత్తగా రాదు, కోర్సుకూ విద్యా సంవత్సరానికీ చూసుకోవాలి. నిరుడు ఉన్న కోర్సుకు ఈ ఏడాది అనుమతి ఉండకపోవచ్చు. దూరవిద్యా విభాగం వెబ్‌సైటులో విశ్వవిద్యాలయం పేరు, కోర్సు పేరు, ప్రవేశ కాలం మూడూ మీ కళ్లతో చూడండి. 2024 నుంచి చేరే విద్యార్థి తన పేరు మీద డెబ్-ఐడీ (ఆ దూరవిద్యా విభాగంలో విద్యార్థి గుర్తింపు సంఖ్య) సృష్టించుకోవాలి. అది విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు జమ అయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతాతో ముడిపడి ఉంటుంది. ఆ ఐడీ లేకుండానే అడ్మిషన్ అయిపోయిందని ఎవరైనా చెబితే అక్కడే అనుమానించండి. ఫీజు విశ్వవిద్యాలయం ఖాతాకే నేరుగా కట్టాలి. దళారీ ఖాతాకు కడితే రేపు అడగడానికి మీ చేతిలో రసీదు ఉండదు.

మీ చెల్లె కోరుకున్న సైకాలజీ విషయంలో మాత్రం చేదు కబురు చెప్పవలసి వస్తోంది. 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని, ఆరోగ్య రంగానికి చెందిన మరికొన్ని కోర్సులను ఆన్‌లైన్‌లోనూ దూరవిద్యలోనూ నడపరాదని యూజీసీ ఆదేశించింది. ఇంజినీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం వంటివి అంతకుముందు నుంచే ఆ పట్టికలో ఉన్నాయి. ఎవరైనా ఇప్పటికీ ఎమ్మెస్సీ సైకాలజీకి ఆన్‌లైన్ సీటు ఇస్తామంటే దగ్గరకు రానివ్వకండి. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు సరైన అనుమతులు లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల మీద 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు, ఏళ్ల తరబడి ఉద్యోగాలలో ఉన్నవారి పట్టాలు సైతం నిలిచిపోయాయి. 2001 నుంచి 2005 మధ్య చేరినవారు పరీక్ష రాసి నెగ్గవలసి వచ్చింది, ఆ తరువాత చేరినవారి డిగ్రీలు రద్దయ్యాయి. తప్పు సంస్థది, శిక్ష పడింది విద్యార్థికి.

అలాగని దూరవిద్యను చిన్నచూపు చూడవద్దు. మన దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే మొదలయింది, ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తోంది. దానికి తొలి ఉపకులపతిగా ఉన్న ఆచార్య జి. రామిరెడ్డి గారే 1985లో ఇగ్నోకు కూడా తొలి ఉపకులపతి అయ్యారు. బడికి పోలేని వాడి దగ్గరికే బడి పోవాలన్న ఆలోచన దేశానికి మన నేల మీద నుంచి వెళ్లింది. మీ చెల్లెకు ఆసుపత్రి పని మీద అనుభవం ఉంది కాబట్టి సోషల్ వర్క్ గానీ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ గానీ ఆలోచించమనండి. మూడేండ్ల బాబుతో ఉన్నప్పుడు మొదటి ఏడాది రెండు మూడు పేపర్లకు మించి ఎత్తుకోవద్దని కూడా నా మాటగా చెప్పండి.

ప్రశ్న: మేము టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉంటున్నాం. నేను బీటెక్ పూర్తి చేసి మూడేళ్లు హైదరాబాదులో ఉద్యోగం చేశాను. ఇప్పుడు హెచ్-4 వీసా మీద ఉన్నాను, పిల్లలకు ఆరు, మూడు. ఇంట్లో ఉంటూ ఆన్‌లైన్‌లో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ చేయవచ్చా? చేస్తే ఉద్యోగానికి అనుమతి వస్తుందా? ఏడేళ్లుగా ఒక్క లైను కోడ్ రాయలేదు, భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, అమెరికా

జవాబు: రెండు ప్రశ్నలనూ విడదీసుకోండి. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి మీద ఆధారపడినవారికి ఇచ్చే వీసా) మీద ఉన్నవారు వీసా మార్చుకోకుండానే చదువుకోవచ్చు, పూర్తికాలమైనా కావచ్చు, ఒక్కొక్క కోర్సయినా కావచ్చు. కానీ ఆ చదువు వల్ల ఉద్యోగ అనుమతి రాదు. ఎఫ్-1 విద్యార్థులకు చదువు తరువాత దొరికే ఓపీటీ అనే తాత్కాలిక ఉద్యోగ అనుమతి హెచ్-4 వారికి వర్తించదు. మీకు పని చేసే అనుమతి రావాలంటే మీ వారి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదం పొంది ఉండడం వంటి అర్హత మీద హెచ్-4 ఈఏడీ (ఉద్యోగ అనుమతి పత్రం) తీసుకోవాలి. ఆ వెసులుబాటు 2015 మే నుంచి అమలులో ఉంది. అది వచ్చేదాకా విశ్వవిద్యాలయంలో జీతం ఇచ్చే అసిస్టెంట్‌షిప్ కూడా చేయకూడదు. కాబట్టి ఈఏడీ చేతికి వచ్చే సమయానికి పట్టా సిద్ధంగా ఉండేలా చదువును అమర్చుకోవడం మీ పరిస్థితిలో తెలివైన పని.

జార్జియా టెక్ 2014 జనవరిలో మొదలుపెట్టిన ఆన్‌లైన్ ఎంఎస్ గురించి మీరు వినే ఉంటారు. అప్పట్లో మొత్తం ఫీజు సుమారు 7,000 డాలర్లు అని ప్రకటించడంతో అందరి దృష్టీ దాని మీద పడింది. పట్టా మీద ఆన్‌లైన్ అన్న మాట ఉండదు. టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్ కూడా 2019 నుంచి సుమారు 10,000 డాలర్లకు అలాంటిదే నడుపుతోంది. జార్జియా టెక్‌లో పది కోర్సులు, ఆరేళ్ల గడువు. అయితే చేరిన మొదటి ఏడాదిలోనే రెండు పునాది కోర్సులను బి గ్రేడుకు తగ్గకుండా పూర్తి చేయాలి. ఏడేళ్ల విరామం తరువాత ఆ మొదటి ఏడాదే ముళ్లబాట. అందువల్ల వెంటనే దరఖాస్తు చేయకండి. ఆరు నెలలు పైథాన్, డేటా స్ట్రక్చర్స్ మీద ఉచితంగా దొరికే పాఠాలు చదవండి, పాఠం వారీగా ప్రోగ్రాములు రాయండి. మూడేళ్ల బిడ్డ నిద్రపోయే గంటన్నరలో రోజుకొక చిన్న ప్రోగ్రాము నడిపించగలిగితే మీరు సిద్ధమైనట్టే. నడిపించలేని రోజులు వారంలో మూడు దాటితే ఇంకొక ఆరు నెలలు ఆగండి, పెద్ద పాప రెండో తరగతికి వస్తుంది, చిన్నబిడ్డ ప్రీస్కూలుకు వెళుతుంది.

ఇక్కడ లాగా అత్తగారో అమ్మో ఇంట్లో ఉండరు కాబట్టి, మీ పక్క వీధిలో మీలాగే చదువుకోవాలనుకునే మరో తల్లి తప్పకుండా ఉంటుంది, ఆమెను వెతకండి. శనివారం మీ పిల్లలు వాళ్లింట్లో, ఆదివారం వాళ్ల పిల్లలు మీ ఇంట్లో. ఇద్దరికీ చెరొక పూట దొరుకుతుంది. భయం గురించి రాశారు. మూడేళ్లు ఉద్యోగం చేసిన బుర్ర ఖాళీ కాదు, తుప్పు పట్టి ఉంటుంది, అంతే. పని పెడితే అది వదులుతుంది.

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉపాధ్యాయుడిని. దూరవిద్యలో ఎం.ఏ. చేరి, అమ్మ అనారోగ్యం, ఇద్దరు పిల్లల చదువుల మధ్య గడువు దాటిపోయింది. రెండు పేపర్లు మిగిలిపోయాయి. అంతా వృథాయేనా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: కాదండీ. ఇగ్నోలో గడువు దాటినవారికి రీ-అడ్మిషన్ ఉంది. మిగిలిన పేపర్లకు మాత్రం రుసుము కట్టి మళ్లీ నమోదు చేసుకుని రాయవచ్చు. మీది ఇంకొక విశ్వవిద్యాలయమైతే పరీక్షల విభాగానికి హాల్ టికెట్ నంబరుతో, పాసైన మెమోల నకళ్లతో లేఖ రాయండి. స్టడీ సెంటర్‌లో నోటిమాటగా అడిగి ఊరుకోకండి, రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో నమోదైన క్రెడిట్లు ఏడేళ్ల వరకు నిలిచి ఉంటాయి. పాత ప్రవేశమైతే మీవి అందులో చేరాయో లేదో చూసుకోండి. ఇంకొక మాట. చేరేటప్పుడు పై అధికారి అనుమతి తీసుకున్న కాగితం భద్రంగా ఉందా? పాసయ్యాక ఆ అర్హతను మీ సర్వీసు రిజిస్టరులో నమోదు చేయించుకోవడానికి అది అవసరమవుతుంది.

రెండు పేపర్లు అంటే, మొదటి జవాబులో వేసిన లెక్క ప్రకారం, ఒక్కొక్కటి నాలుగు క్రెడిట్లయితే 240 గంటలు. అమ్మగారి దగ్గర ఆసుపత్రి వరండాలో కూర్చున్న గంటలు ఇంతకంటే ఎక్కువే ఉంటాయి. ఆ గంటలలో చదవలేకపోయినందుకు మిమ్మల్ని మీరు నిందించుకుంటున్నట్టు ఉత్తరం చెబుతోంది. అవి చదువుకు చెందిన గంటలు కావు, అమ్మకు చెందినవి. ఇప్పుడు మొదలుపెట్టండి.

ప్రశ్న: మీ శీర్షికలో అందరూ చదువుకునేవారి గురించే రాస్తారు. మా వారు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్ ఎంబీఏ చదువుతున్నారు. ఏడాదిన్నరగా శనివారాలు, ఆదివారాలు లేవు. పిల్లల టీకాలు, కరెంటు బిల్లు, మా నాన్నగారి డాక్టరు, అన్నీ నేనే. అడిగితే "మన కోసమే కదా" అంటారు. ఆ పట్టా మీద నా పేరు ఉండదు కదండీ.
– ఒక ఇల్లాలు, హైదరాబాదు

జవాబు: మీ ఉత్తరం నా బల్ల మీద పది రోజులుగా ఉంది. ఇంతకాలం ఇలాంటి ఉత్తరానికి జవాబు రాయకపోవడం నా లోపమే, ఒప్పుకుంటున్నాను.

స్టడీ సెంటర్ రోజులలో పరీక్ష హాలు బయట చూసిన దృశ్యం ఒకటి గుర్తుకు వస్తోంది. మే నెల, వేపచెట్టు కింద ఒక యువకుడు తొమ్మిది నెలల పాపను భుజాన వేసుకుని మూడు గంటలపాటు అటూ ఇటూ నడిచాడు. భార్య లోపల చరిత్ర పేపరు రాస్తోంది. పాపకు పట్టే పాల సీసా ఎండకు కాగిపోతుందని తడిగుడ్డ చుట్టి ఉంచాడు. గంట కొట్టగానే బయటికి వచ్చిన ఆమె ముందు సీసా ముట్టుకుని చూసింది, తరువాత అతని చొక్కా భుజం మీద పాప కక్కిన మరక చూసింది, కొంగుతో తుడిచింది. ఆ సెంటర్‌లో ఆమెతో పాటు పాసైన వాళ్లందరి ఇళ్లలో అలాంటి ఒక భుజం ఉంది. చాలా ఇళ్లలో ఆ భుజం ఆడవాళ్లది, దాన్ని చూసి నిలబడి చెప్పుకున్నవారు తక్కువ.

"మన కోసమే" అన్న మాట నిజమైతే లెక్క కూడా మనదే కావాలి. మీ వారి పరీక్షల తేదీలు, అసైన్‌మెంట్ల గడువులు ముందే తెలుస్తాయి. వాటిని వంటింటి గోడ మీది క్యాలెండరులో ఆయన చేతే రాయించండి. పరీక్షల ముందు మూడు వారాలు ఇల్లు మీరు చూస్తారు, సరే. పరీక్ష అయిన మర్నాటి నుంచి అన్ని వారాలూ పిల్లలను బడికి పంపడం, నాన్నగారిని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లడం ఆయన పని, అదీ క్యాలెండరులో రాయాలి. పరీక్షలు లేని నెలల్లో ఆదివారం ఒక పూట చదువు, ఒక పూట ఇల్లు. ఎంబీఏలో టైం మేనేజ్‌మెంట్ పాఠం ఆయన ఇప్పటికే చదివి ఉంటారు.

మీ ఉత్తరం రెండో పేజీ చివర ఒక వాక్యం రాసి కొట్టేశారు. కలం గట్టిగానే నొక్కారు గానీ అక్షరాలు కనబడుతున్నాయి: "నాకూ ఎం.ఏ. తెలుగు చదవాలని ఉండేది." కొట్టివేత ఎందుకో నేను అడగను. ఆయన చివరి సెమిస్టరు అయిపోయిన రోజున ఆయన శని, ఆదివారాలు ఇంటికి తిరిగి వస్తాయి. అవి ఎవరికి చెందుతాయో ఇప్పుడే, ఆ క్యాలెండరు రాయించే రోజునే, తేల్చుకోండి. ఇగ్నోలో జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి ప్రవేశాలు ఉంటాయి. మీ బీఏ మెమోలు, పట్టా ఎక్కడ ఉన్నాయో ఈ వారం బీరువాలో వెతికి ఒక కవరులో పెట్టండి, ఏ కోర్సు, ఏ విశ్వవిద్యాలయం అన్నది నాకు మళ్లీ రాయండి. ఈసారి ఆ వాక్యం కొట్టేయకుండా రాయండి.